పాత సైకిళ్లతో మైయర్స్‌డేల్ నుంచి కంబర్లాండ్ దాకా: అక్టోబర్ గ్రూప్ రైడ్ ఎలా ప్లాన్ చేసుకోవాలి

అమెరికాలో గ్రేట్ అలెగనీ ప్యాసేజ్ అనే సైకిళ్ల దారి మీద పాత సైకిళ్లతో గుంపుగా వెళ్దాం అనగానే అందరూ అడిగేది ఒకటే, "అప్పు (అంటే ఎక్కుడు) ఎంత ఉంటుంది?" అని. అప్పుతో పెద్ద గొడవేం లేదండీ, సైకిలు ఎక్కకపోతే దిగి నడిపించుకుంటూ పోతాం. డౌన్‌లో ఆగకపోతేనే గొడవ. నలభై యాభై ఏళ్ల కిందటి ఇనుప రిమ్ములు, ఎండిపోయిన బ్రేకు రబ్బర్లు, వాటితో వరసగా ఇరవై నాలుగు మైళ్ల డౌను. కాబట్టి ఇందులో సగం బ్రేకుల గురించే ఉంటుంది, ముందే చెప్పేస్తున్నా.

తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. ఈ ట్రైల్ పెన్సిల్వేనియాలోని పిట్స్‌బర్గ్ నుంచి మేరీల్యాండ్‌లోని కంబర్లాండ్ దాకా 150 మైళ్లు ఉంటుంది, ఒకప్పటి రైలు మార్గం మీద వేసింది. మేం వెళ్లేది దాని ఆఖరి ముక్క, మైయర్స్‌డేల్ నుంచి కంబర్లాండ్, 32 మైళ్లు. ఈ ముక్కలో వెస్టర్న్ మేరీల్యాండ్ రైల్వే 1912లో రైళ్లు మొదలుపెట్టి 1975లో ఆపేసింది. రైలు నిటారుగా ఎక్కలేదు కాబట్టి కొండని తొలిచి, లోయ మీద వంతెన కట్టి, ఎక్కడా వాలు రెండు శాతం దాటకుండా దారి వేశారు. ఆనాడు బొగ్గు రైళ్ల కోసం పడ్డ ఆ కష్టమంతా ఇప్పుడు మన సింగిల్ గేర్ సైకిళ్లకి కలిసొచ్చింది. కార్లు రావు. కింద పరిచింది నలగ్గొట్టిన సున్నపురాయి పొడి, మన ఊళ్లలో మొరం రోడ్డు బాగా రోలింగ్ చేసి నీళ్లు చల్లితే ఎలా గట్టిపడుతుందో అలా ఉంటుంది.

దిక్కు విషయంలో మాత్రం మొహమాటం వద్దు, మైయర్స్‌డేల్ నుంచే మొదలుపెట్టండి. అక్కడి నుంచి ఎనిమిది మైళ్లు ఎక్కుతున్నట్టే తెలియకుండా ఎక్కి, 2,392 అడుగుల ఎత్తులో ఉన్న ఈస్టర్న్ కాంటినెంటల్ డివైడ్ చేరతారు. అక్కడ పడ్డ వాన ఒకవైపు చెసపీక్ బే మీదుగా అట్లాంటిక్‌కీ, రెండోవైపు మిసిసిపీ మీదుగా గల్ఫ్ ఆఫ్ మెక్సికోకీ పోతుంది. ఆ తర్వాత కంబర్లాండ్ దాకా మొత్తం డౌనే, దగ్గర దగ్గర 1,800 అడుగులు. కంబర్లాండ్ నుంచి పైకి తొక్కేవాళ్లూ ఉన్నారు, పద్దెనిమిది గేర్లున్న సైకిళ్ల మీద, టైట్ నిక్కర్లేసుకుని, నవ్వుకుంటూ పోతారు. ఇరవై కిలోలు దాటిన పాత రోడ్‌స్టర్ సైకిలు మీద ఆ పని పెట్టుకోకండి.

ఎప్పుడు వెళ్లాలి

అక్టోబర్ రెండో వారం, మూడో వారం. పైన డివైడ్ దగ్గర మేపుల్ ఆకులు ముందు ఎర్రబడతాయి, కింద కంబర్లాండ్ వైపు ఇంకా పచ్చగానే ఉంటాయి, అందుకే ఒకే రోజులో పై నుంచి కిందికి దిగుతుంటే రెండు వారాలు వెనక్కి వెళ్లినట్టుంటుంది. నాకు ఈ రైడ్‌లో అన్నిటికంటే నచ్చేది ఇదే. నవంబర్‌కి జరపొద్దు. నవంబర్ మొదటి ఆదివారం గడియారాలు ఒక గంట వెనక్కి తిప్పేస్తారు, సాయంత్రం అయిదున్నరకల్లా చీకటి పడిపోతుంది. అక్టోబర్ నడిమధ్య అయితే ఆరున్నర దాకా వెలుగుంటుంది. డిసెంబర్ సగం నుంచి దాదాపు ఏప్రిల్ దాకా బిగ్ శావేజ్ సొరంగానికి తలుపులు వేసేస్తారు (లోపల నీళ్లు గడ్డకట్టి గోడలు దెబ్బతినకుండా), అప్పుడు ఇక దారే లేదు.

పొద్దున ఎనిమిదింటికి మైయర్స్‌డేల్‌లో పళ్లు టకటకలాడతాయి, మధ్యాహ్నం స్వెట్టర్ విప్పి నడుముకి కట్టుకుంటారు. అందుకని ఒక లావు కోటు కాకుండా మూడు పల్చటి బట్టలు ఒకదాని మీద ఒకటి వేసుకోండి. పైన వేసుకునేది నారింజ రంగుదయితే మేలు, అది వేట సీజను, అడవిలో తుపాకులు పట్టుకుని తిరిగేవాళ్లు ఉంటారు. పాతకాలం టచ్ కోసం ట్వీడ్ కోట్లు వేసుకొచ్చేవాళ్లు మా గుంపులో ఇద్దరున్నారు, కోటు మీద నారింజ జాకెట్ తొడిగించే తీసుకెళ్తాం. ఒకాయన ఏటా పంచె కట్టుకుని వస్తారు. ఆయన సైకిలుకి గొలుసు పూర్తిగా మూసేసిన కవరు ఉంది కాబట్టి ఆయనకి చెల్లింది, మీ సైకిలుకి లేకపోతే ప్యాంటు అంచుకి క్లిప్పు పెట్టుకోండి.

దూరం నుంచి వచ్చే తెలుగువాళ్లయితే శుక్రవారం సాయంత్రం పెన్ హిల్స్‌లో వెంకటేశ్వరస్వామి దర్శనం చేసుకుని, పిట్స్‌బర్గ్‌లో పడుకుని, శనివారం తెల్లవారుజామున బయల్దేరితే సరిపోతుంది. మైయర్స్‌డేల్‌కి దాదాపు రెండు గంటల డ్రైవ్.

కార్ల లెక్క

వన్‌వే రైడ్ కాబట్టి టెన్షన్ అంతా ఇక్కడే. మేం చేసేది ఇది: అందరూ మైయర్స్‌డేల్ పాత రైల్వే స్టేషన్ దగ్గర సైకిళ్లు, సామాన్లు దించేస్తారు. డ్రైవర్లు మాత్రం కార్లన్నీ కంబర్లాండ్ తీసుకెళ్లి వదిలేసి, ఒకే ఒక్క పెద్ద బండిలో అందరూ కలిసి వెనక్కి వస్తారు. రానుపోను గంటన్నర పడుతుంది. ఆ గంటన్నరలో మిగిలినవాళ్లు గాలి కొట్టడం, బ్రేకులు చూసుకోవడం, కాఫీ తాగడం. స్టేషన్‌లో చిన్న మ్యూజియం లాంటిది ఉంది, అదీ చూడొచ్చు. వెనక్కి తెచ్చిన ఆ పెద్ద బండి మైయర్స్‌డేల్‌లో ఉండిపోతుంది, సాయంత్రం ఎవరో ఒకరు వచ్చి తీసుకెళ్లాలి. ఆ ఒక్కరు ఎవరో పొద్దున్నే తేల్చుకోండి. సాయంత్రం తేల్చుకుందాం అంటే ఎవరూ కనిపించరు. డబ్బులు పోయినా పర్లేదనుకుంటే కంబర్లాండ్ నుంచి సైకిళ్లతో సహా ఎక్కించుకుని పైకి తెచ్చే షటిల్ వ్యాన్లు ఉన్నాయి, అక్టోబర్ శనివారాలకి నెల ముందే మాట్లాడుకోవాలి.

ఇంకో సంగతి, తాళాలు. మూడేళ్ల కిందట నేను కంబర్లాండ్‌లో కారు పెట్టి, పెద్ద బండిలో వెనక్కి వచ్చి, ఎండ ఎక్కిందని జాకెట్ విప్పి ఆ పెద్ద బండిలోనే పడేశా. కారు తాళం జాకెట్ జేబులో ఉంది. 32 మైళ్లు తొక్కి, కారు పక్కన నిలబడి జేబులు తడుముకుంటుంటే నా వెనకాల నలుగురు సైకిళ్లు పట్టుకుని నా మొహం చూస్తున్నారు. అప్పటి నుంచి తాళాలన్నీ ఒకే సంచిలో వేసి ఆ సంచి ఒకే మనిషి మెళ్లో వేస్తున్నాం. ఆ మనిషి నేను మాత్రం కాదు.

ఏ సైకిళ్లు పనికొస్తాయి

ఇటలీలో లెరోయికా అని పాత రేసు సైకిళ్ల పండగ ఒకటి ఏటా అక్టోబర్ మొదట్లో జరుగుతుంది, 1997లో మొదలైంది. అక్కడ రూలు గట్టిది, 1987కి ముందు సైకిళ్లే రావాలి, గేర్ మీటలు ఫ్రేము కింది గొట్టం మీదే ఉండాలి, ఇట్లా. మాకంత పట్టింపు లేదు. ఇనుప ఫ్రేము ఉండాలి, మీ కంటే గానీ మీ పెద్ద కొడుకు కంటే గానీ వయసులో పెద్దదై ఉండాలి, అంతే. ఇంగ్లండ్ మూడు గేర్ల ర్యాలీలు, అమెరికన్ ష్విన్‌లు, డెబ్బైల నాటి టెన్ స్పీడ్‌లు వస్తాయి. ఒకాయన ఇండియా నుంచి తెప్పించుకున్న రాడ్ బ్రేకుల హెర్క్యులిస్ తెస్తారు, దాని ముందు మిగతావన్నీ దిగదుడుపే. ట్రైల్ మీద ఎదురొచ్చే అమెరికన్లు కూడా దాన్నే ఆపి ఫొటోలు తీసుకుంటారు. మనకేమో అందులో వింతేం కనపడదు, పాలవాడు వేసుకొచ్చే సైకిలే కదా అది.

టైరు ఒకటిం పావు అంగుళం కంటే సన్నగా ఉంటే వద్దు, వాన పడ్డాక సున్నపురాయి పొడిలో దిగబడుతుంది.

టైర్ల దగ్గరే ఇంకో బోనుంది. ర్యాలీ టైరు మీద 26 x 1 3/8 అని ఉంటుంది. పాత ష్విన్ టైరు మీద కూడా 26 x 1 3/8 అనే ఉంటుంది. రెండూ ఒకటి కావు. ర్యాలీది 590 మిల్లీమీటర్ల రిమ్ము, ష్విన్‌ది 597. ఏడు మిల్లీమీటర్ల తేడానే కదా అని బలవంతంగా ఎక్కిద్దామని మా స్నేహితుడొకడు రాత్రి పదకొండు దాకా గ్యారేజీలో రెండు స్పూన్లు వంచేశాడు, టైరు మాత్రం ఎక్కలేదు. అంగుళాలు నమ్మొద్దు, టైరు పక్కన సన్నగా అచ్చేసిన మిల్లీమీటర్ల అంకె చూడండి. ఇండియా సైకిళ్లు, పెద్ద చక్రాల ర్యాలీలు 28 x 1 1/2, అంటే 635. ఇక్కడి షాపుల్లో ఈ టైర్లు, ట్యూబులు అడిగితే తెల్లమొహం వేస్తారు, అందుకని రెండు ట్యూబులు ఇంటి నుంచే తెచ్చుకోండి. ట్యూబుకి మన పాత వాల్వే ఉంటే వాల్ ట్యూబు రబ్బరు ముక్క కూడా నాలుగు అంగుళాలు జేబులో వేసుకోండి. అమెరికన్ కారు టైర్లకి వాడే పంపు తల దానికి పట్టదు, సన్న వాల్వుల ప్రెస్టా పంపు పడుతుంది.

బ్రేకులు, రైడ్‌కి రెండు వారాల ముందే

ముందు రోజు రాత్రి చూసుకుందాం అనుకుంటే ఏదో ఒకటి దొరకదు. రెండు వారాలు టైం పెట్టుకోండి.

ఇనుప రిమ్ము మీద క్రోమ్ నున్నగా ఉంటుంది, పొడిగా ఉన్నప్పుడు బ్రేకు ఏదో పడుతుంది, తడిస్తే మాత్రం పట్టుకున్నా పట్టుకోనట్టే, చక్రం నాలుగు చుట్లు తిరిగి రబ్బరు నీళ్లు తుడిచాక గానీ కొరకదు. పాత రబ్బర్లు గోటితో నొక్కితే రాయిలా ఉంటే తీసి పారేయండి. సాల్మన్ చేప రంగులో ఉండే మెత్తటి రబ్బర్లు దొరుకుతాయి, ఇనుప రిమ్ములకి అవి చాలా నయం. రిమ్ముకి పట్టిన గ్రీజు, నల్లటి జిగురు స్పిరిట్‌తో తుడవండి. కేబుళ్లు కొత్తవి వేయండి. ముప్పై ఏళ్ల కేబుల్ పైకి బాగానే కనిపిస్తుంది, మీట లోపల ముడి దగ్గర ఒక్కో తీగే తెగుతూ ఉంటుంది.

రాడ్ బ్రేకులకి కేబుల్ గొడవ లేదు గానీ, రబ్బరు రిమ్ము లోపలి అంచుని కింది నుంచి పట్టుకుంటుంది కాబట్టి చక్రం ఏమాత్రం వంకర ఉన్నా ఒకచోట గీరుకుంటుంది, ఇంకోచోట అందదు. ముందు చువ్వలు బిగించి చక్రం సరిచేశాకే బ్రేకు జోలికి వెళ్లండి. మన ఊళ్లో అయితే ఓవరాయిలింగ్‌కి ఇచ్చేసి సాయంత్రం వచ్చి తెచ్చుకునేవాళ్లం, ఇక్కడ ఆ పనంతా మనమే.

ఇక వెనక్కి తొక్కితే ఆగే బ్రేకు. అమెరికన్ పాత సైకిళ్లలో చాలావాటికి ఇదొక్కటే ఉంటుంది, ముందు చక్రానికి ఏమీ ఉండదు. దాంతో రెండు తంటాలు. ఒకటి, చైన్ పడిపోయిందా, బ్రేకు కూడా పోయినట్టే, కాళ్లు ఎంత వెనక్కి తొక్కినా ఊరికే తిరుగుతాయి. రెండు, అదే పనిగా నొక్కి పట్టుకుని దిగితే హబ్బు (వెనక చక్రం నడిమధ్య ఉండే డబ్బా, ఈ బ్రేకు ఉండేది అందులోనే) లోపల వేడెక్కి గ్రీజు కరిగిపోతుంది. 1976లో కాలిఫోర్నియాలో కొందరు కుర్రాళ్లు ఇలాంటి సైకిళ్ల మీద కొండ దిగే పందెం పెట్టుకున్నారు, దిగిన ప్రతిసారీ హబ్బులు విప్పి మళ్లీ గ్రీజు నింపాల్సి వచ్చేది, అందుకే ఆ పందేనికి రీప్యాక్ అని పేరొచ్చింది. మౌంటెన్ బైకుల కథ చాలావరకు అక్కడే మొదలైంది. మన ట్రైల్ అంత నిటారు కాదు, హబ్బు పొగలు కక్కదు. అయినా మా గుంపులో ముందు బ్రేకు లేని సైకిలు డివైడ్ దాటి కిందికి రాదు. ముందు చక్రానికి రిమ్ముని రెండు పక్కల నుంచీ పట్టే మామూలు క్యాలిపర్ బ్రేకు ఒకటి తగిలించుకోండి, అందం కాస్త తగ్గుతుంది, పర్లేదు. హబ్బు పక్కన చిన్న ఇనుప చేయి ఒకటి ఫ్రేముకి పట్టీతో బిగించి ఉంటుంది, ఆ బోల్టు కూడా చూడండి. అది ఊడితే బ్రేకు వేసినప్పుడు ఆ చేయే గిర్రున తిరుగుతుంది.

పరీక్ష ఇలా పెట్టండి. ఖాళీ పార్కింగ్‌లో మామూలు వేగంతో వచ్చి రెండు బ్రేకులూ వేయండి, తర్వాత ముందుది ఒక్కటే, తర్వాత వెనకది ఒక్కటే. తర్వాత మగ్గుతో రిమ్ముల మీద నీళ్లు పోసి మళ్లీ మొదటి నుంచి. నీళ్లు పోసినప్పుడు ఎంత దూరంలో ఆగిందో అదే మీ అసలు బ్రేకు.

బ్రేకులు కాక

మూడు గేర్ల సైకిలు అయితే గేర్లు లోపలే ఉండే స్టర్మీ ఆర్చర్ కంపెనీ హబ్బు ఉంటుంది, దాని మీద నెల, సంవత్సరం చెక్కి ఉంటాయి. నా దాని మీద 65 అని ఉంది, హబ్బు నా కంటే పెద్దదన్నమాట. ఈ హబ్బులు చావవు, కేబుల్ సరిగ్గా లేకపోతే మాత్రం రెండో గేరుకీ మూడో గేరుకీ మధ్య ఒక చోట పెడల్ ఒక్కసారిగా ఖాళీగా తిరుగుతుంది, లేచి నిలబడి తొక్కుతుంటే బారు మీద పడతారు, ఎక్కడ తగులుతుందో చెప్పక్కర్లేదు. సరిచేయడం అయిదు నిమిషాల పని. మీట రెండో గేరులో పెట్టండి. కుడివైపు ఇరుసు నట్టుకి చిన్న కిటికీ లాంటి రంధ్రం ఉంటుంది, కన్ను దగ్గరపెట్టి చూస్తే లోపలికి పోయే సన్న గొలుసు, అది తగిలించిన పుల్ల కనిపిస్తాయి. ఆ పుల్ల భుజం ఇరుసు చివరతో సమంగా ఉండాలి. లోపలికి ఉంటే కేబుల్ బిగించండి, బయటికి వచ్చేస్తే వదులు చేయండి. తర్వాత హబ్బు మీద ఉన్న చిన్న మూత తీసి పల్చటి మెషిన్ ఆయిల్ ఒక చెంచాడు పోయండి. వంటనూనె పోసినవాణ్ని చూశాను, జిగురైపోయింది.

పాత క్రాంకులు (పెడల్ తగిలించే ఇనుప చేతులు) కాటర్ పిన్ను అనే చిన్న మేకుతో నిలబడతాయి. తొక్కుతుంటే ప్రతి చుట్టుకీ ఒకసారి కాలి కింద "టక్" మని చిన్నగా జారినట్టనిపిస్తే పిన్ను వదులైందని అర్థం. నట్టు బిగిస్తే సరిపోదు, నట్టు పిన్నుని పట్టుకుని ఉంచుతుందంతే, లోపలికి దిగగొట్టేది సుత్తే. క్రాంకు కింద గట్టి ఇనుప గొట్టమో చెక్కో ఆనించి కొట్టండి, ఏమీ ఆనించకుండా కొడితే ఆ దెబ్బంతా లోపలున్న బాల్సుకి తగులుతుంది. కొత్త పిన్ను వేశాక ఒక పది మైళ్లు తొక్కి మళ్లీ ఒక దెబ్బ వేయాలి. అందుకే రెండు వారాల ముందు అన్నాను.

తోలు సీటు ఉంటే వానకి తడవకుండా ప్లాస్టిక్ కవరొకటి పెట్టుకోండి, కిరాణా సంచి చాలు.

సామాన్లు ఎవరికి వారు అన్నీ మోయక్కర్లేదు. పంపులు రెండు, అడ్జస్టబుల్ స్పానర్ ఒకటి, సుత్తి ఒకటి, స్క్రూడ్రైవర్, పంచర్ సామాను, చైన్ లింకులు, ఒక రెండడుగుల కట్టుతీగ, కొన్ని ప్లాస్టిక్ ట్యాగులు. ఇవన్నీ గుంపు చివర వచ్చే మనిషి క్యారేజీ మీద ఉండాలి. ముందు వెళ్లేవాడి దగ్గర పెడితే, వెనకాల పంచరైనవాడు అరుస్తూ ఉంటే వాడు నాలుగు మైళ్ల అవతల ఉంటాడు. ఈ తప్పు ప్రతి కొత్త గుంపూ ఒకసారి చేస్తుంది. సెల్‌ఫోన్ సిగ్నల్ అన్నిచోట్లా ఉంటుందని నమ్ముకోవద్దు.

ఆ రోజు

తొమ్మిదిన్నరకి కదిలితే మంచిది. మీకు ఓపిక ఉంటే ముందు వెనక్కి, అంటే పిట్స్‌బర్గ్ వైపు రెండు మైళ్లు వెళ్లి సాలిస్‌బరీ వయాడక్ట్ చూసి రండి. 1,908 అడుగుల పొడవు వంతెన, కింద కాసిల్‌మన్ నది, హైవే, ఇప్పటికీ రైళ్లు తిరిగే పట్టాలు, చుట్టూ కొండల మీద గాలిమరలు. పొద్దున మంచు లోయలోనే ఉండిపోతే వంతెన మేఘం మీద వేసినట్టుంటుంది.

మైయర్స్‌డేల్ దాటాక 1871 నాటి బోల్మన్ ఇనుప వంతెన, తర్వాత కీస్టోన్ వయాడక్ట్ వస్తాయి. ఈ ఎనిమిది మైళ్లు గుంపుని కలిపి ఉంచండి, ఎవరి సైకిలు ఎలా ఉందో ఇక్కడే తెలిసిపోతుంది. ఎవరిదైనా కిర్రుమంటుంటే ఆపి చూడండి. ఇద్దరిద్దరు పక్కపక్కన తొక్కొచ్చు, ఎదురుగా ఎవరైనా వస్తే ఒక వరసలోకి వచ్చేయాలి. వెనక నుంచి దాటేటప్పుడు గంట కొట్టండి. పాత సైకిలు గంట ట్రింగ్‌మని మోగితే ట్రైల్ మీద ఎవరూ విసుక్కోరు, నవ్వుతారు.

డివైడ్ దగ్గర ఒక అండర్‌పాస్ ఉంది, గోడ మీద మొత్తం ట్రైల్ ఎత్తుపల్లాల బొమ్మ గీసి ఉంటుంది. తిండి అక్కడే. పులిహోర కలుపుకొస్తే చలికి చెడదు, చేత్తో తినొచ్చు, మళ్లీ వేడి చేసే పని లేదు. పెరుగన్నం వద్దండీ, తిన్నాక డౌన్‌లో నిద్రొస్తుంది (ఇది నేను సరదాకి చెప్పట్లేదు). తిన్నాక ఎవరూ సైకిలు ఎక్కకముందే ఒక్కొక్కరి బ్రేకులూ ఇంకొకరు చూడాలి, ఎవరిది వాళ్లు కాదు. మన సైకిలు మీద మనకి ప్రేమ ఎక్కువ, తప్పు కనపడదు. అప్పుడే వరస కూడా తేల్చుకోండి: అందరికంటే బలహీనమైన బ్రేకులున్న సైకిలు ముందు నడవాలి, గుంపు వేగం దానిదే. బ్రేకులు బాగున్నవాళ్లు వెనకాల. దీని మీద ఏటా ఒకరు అలుగుతారు, అలగనివ్వండి. చెడ్డ బ్రేకుల సైకిలు వెనకాల ఉండి ముందువాళ్లు ఒక్కసారి ఆగితే ఏమవుతుందో ఆలోచించండి, వాదన అక్కడితో అయిపోతుంది.

అక్కడి నుంచి కాస్త దిగగానే బిగ్ శావేజ్ సొరంగం, 3,294 అడుగులు. లోపల దీపాలున్నాయి గానీ ఎండలోంచి ఒక్కసారిగా లోపలికి వెళ్లేసరికి కాసేపు ఏమీ కనపడదు, ఎవరి లైటు వాళ్లకి ఉండాలి. డైనమో లైటు నెమ్మదిగా వెళ్తే మినుకు మినుకుమంటుంది, దాన్ని నమ్ముకోకుండా బ్యాటరీ లైటు ఒకటి పెట్టుకోండి. జాకెట్ మళ్లీ వేసుకోండి, లోపల చలి వేరే రకం, పై నుంచి మెడ మీద నీటి చుక్కలు పడతాయి. లోపలికి వెళ్లే ముందు తలలు లెక్కపెట్టండి, బయటికి వచ్చాక మళ్లీ లెక్కపెట్టండి. బయటికి రాగానే ఎదురుగా మేరీల్యాండ్ కొండలు వరస వెనక వరసగా కనిపిస్తాయి, ఎలాగూ అందరూ అక్కడ ఆగిపోతారు, లెక్కకి అదే మంచి చోటు. ఇంకో మైలు దాటాక మేసన్ డిక్సన్ గీత, పెన్సిల్వేనియా అయిపోయి మేరీల్యాండ్ మొదలయ్యేది. 1763 నుంచి 1767 దాకా కొలిచి గీసిన సరిహద్దు అది, ఒక కాలు అటు ఒక కాలు ఇటు పెట్టి ఫొటో తీసుకోకుండా ఎవరూ కదలరు.

డౌన్‌లో ఎలా దిగాలి

బ్రేకు పట్టుకుని వదలకుండా దిగకండి. వేగం పెరిగిందనిపించినప్పుడు రెండు బ్రేకులూ కాస్త గట్టిగా వేసి, తగ్గగానే పూర్తిగా వదిలేయండి, మళ్లీ వేయండి. రబ్బరు చల్లబడుతుంది, చేతులు నొప్పెట్టవు. వాలు ఎంత తక్కువంటే ఏ ఒక్క చోటా భయం వేయదు, వచ్చిన ఇబ్బందే అది. పది నిమిషాలకి తెలియకుండానే వేగం ఎక్కి ఉంటుంది, ముందు ఒక కుక్క, దాన్ని పట్టుకున్న ముసలాయన కనిపిస్తారు. సైకిలుకీ సైకిలుకీ మధ్య ఆరేడు సైకిళ్ల పొడవు వదలండి.

ఆకులు. ఎండిన ఆకుల మీద కరకరలాడించుకుంటూ పోతుంటే భలే ఉంటుంది, కానీ చెట్ల నీడలో తెల్లారిన తేమ మధ్యాహ్నం దాకా ఆరదు, పైన ఎండు ఆకు, కింద తడి ఆకు. నేను ఒక మలుపులో ముందు బ్రేకు గట్టిగా పట్టాను, ముందు చక్రం అరటితొక్క మీద కాలేసినట్టు పక్కకి పోయింది. మోకాలి మీద ఆ గీత ఇంకా ఉంది. ఆకుల మీద బ్రేకు వేయకండి, ఆకులు రాకముందే తగ్గించుకుని, వాటి మీద తిన్నగా పోనివ్వండి. నల్ల వాల్‌నట్ కాయలు కూడా రాలి ఉంటాయి, నిమ్మకాయంత ఉంటాయి, టైరు కింద పడితే దొర్లుతాయి.

తర్వాత బోర్డెన్ సొరంగం, అది దాటాక ఫ్రాస్ట్‌బర్గ్. కాఫీ కావాలంటే ట్రైల్ నుంచి ఊళ్లోకి గట్టి అప్పు ఎక్కాలి, మేం సైకిళ్లు నడిపించుకుంటూ పోతాం. ఓపిక అయిపోయినవాళ్లు ఉంటే ఇక్కడే ఆపేసి కారు తెప్పించుకోవచ్చు. అసలు పిల్లలు, పెద్దవాళ్లు ఉన్న గుంపు అయితే వేరే దారుంది: కంబర్లాండ్ నుంచి ఫ్రాస్ట్‌బర్గ్‌కి వెస్టర్న్ మేరీల్యాండ్ సీనిక్ రైల్‌రోడ్ వాళ్ల టూరిస్ట్ రైలు నడుస్తుంది, సైకిళ్లు కూడా ఎక్కించుకుంటారు. రైల్లో పైకి వెళ్లి, పదిహేను మైళ్లు కిందికి దిగిరావడమే. అక్టోబర్ టికెట్లు తొందరగా అయిపోతాయి, సైకిళ్లు ఉన్నాయని బుక్ చేసేటప్పుడే చెప్పండి.

ఫ్రాస్ట్‌బర్గ్ నుంచి కింద దాకా ట్రైల్ ఆ రైలు పట్టాల పక్కనే పోతుంది. బ్రష్ సొరంగంలో, 914 అడుగులు, రైలూ మనమూ ఒకే కన్నంలోంచి వెళ్లాలి. రైలు కూత వినిపిస్తే బయటే ఆగిపోండి. స్టీమ్ ఇంజిన్ వచ్చిన రోజైతే వెళ్లిపోయాక కూడా పొగ పోయేదాకా ఆగాలి. ఆగినందుకు నష్టమేం లేదు, పాత సైకిలు మీద చెయ్యేసి నిలబడి పక్కనుంచి స్టీమ్ ఇంజిన్ పోతుంటే చూడటం ఎవరికి చేదు. ఎక్కడైనా పట్టాలు దాటాల్సి వస్తే అడ్డంగా, తిన్నగా దాటండి, ఏటవాలుగా దాటితే చక్రం సందులో ఇరుక్కుంటుంది.

కంబర్లాండ్‌లో ట్రైల్ సున్నా మైలు దగ్గర ఆగిపోతుంది, అక్కడి నుంచి వాషింగ్టన్ దాకా 184.5 మైళ్ల సి అండ్ ఓ కెనాల్ దారి మొదలవుతుంది. అది చూసి "ఇంకాస్త వెళ్దామా" అనేవాడు ఒకడు ప్రతి గుంపులోనూ ఉంటాడు. వాణ్ని ముందు కారెక్కించండి.

ఇంటికి వచ్చాక ఎంత అలిసిపోయినా సైకిలు గ్యారేజీలో అలాగే పడేయొద్దు. ఆ సున్నపురాయి పొడి తడి తగిలితే పేస్టులా చైన్‌కి, రిమ్ముకి పట్టేస్తుంది, వారం ఆగితే గోకినా రాదు. ఆ రాత్రే పొడి గుడ్డతో తుడిచి, చైన్ మీద నాలుగు చుక్కలు నూనె వేసి, తోలు సీటు తడిస్తే నీడలో ఆరబెట్టండి. కాటర్ పిన్నుకి ఆ రెండో సుత్తి దెబ్బ వేయడం మర్చిపోయి ఉంటే అదీ ఇప్పుడే వేసేయండి.